మీ ఊరి పాత సినిమా హాలు చరిత్ర రాయాలంటే పాటకచేరీల దగ్గర మొదలుపెట్టండి

చిత్తూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక సినిమా హాలు ఉండేది. ఇప్పుడు ముందు భాగంలో బళ్ళు పార్కింగు చేసుకుంటారు, వెనక సగం సిమెంటు గోడౌను, మధ్యలో బాల్కనీకి ఎక్కే మెట్లు మాత్రం పైన బాల్కనీ లేకపోయినా అట్లాగే నిలబడి ఉన్నాయి. రెండేళ్ళుగా దాని చరిత్ర పోగేస్తున్నాను. ఈ సంగతి తెలిసి తిరుపతి, పుత్తూరు, పలమనేరు నుంచి ముగ్గురు నలుగురు అడిగారు, మా ఊళ్ళోనూ ఇట్లాంటి హాలు ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని. వాళ్ళకు విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. హాలు పేరు రాయడం లేదు. వారసుల మధ్య ఆస్తి కేసు నడుస్తోంది, నా రాతను ఎవరో ఒకరు కోర్టుకు పట్టుకెళ్ళడం నాకిష్టం లేదు.

అందరూ ముందు చేసే పని, నేనూ చేసిన పని, ఆ హాల్లో ఆడిన సినిమాల జాబితా తయారుచేయడం. దాన్ని ఆఖరుకు పెట్టుకోండి. సినిమాకు కాగితం ఉంటుంది. లైసెన్సు ఫీజు కట్టారు, వినోదపు పన్ను కట్టారు, పేపర్లో ప్రకటన ఇచ్చారు. అదే హాల్లో ఒక రాత్రి జరిగిన పాటకచేరీకి మిగిలేది మహా అయితే ఒక కరపత్రం, అదీ తెల్లారేసరికి పకోడీల పొట్లం అయ్యుంటుంది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటింది, ఎనభై దాటింది. నేను జాబితా పట్టుకుని ఎనిమిది నెలలు తిరుగుతున్న కాలంలోనే ఆ హాల్లో హార్మోనియం వాయించిన పెద్దాయన పోయారు. ఆయన ఇల్లు మా ఇంటికి పది నిమిషాల నడక. ఆ బాధ ఇంకా వదల్లేదు, అందుకే ఈ మాట మొదటే చెబుతున్నాను. ముందు కచేరీలు, నాటకాలు, ఆర్కెస్ట్రాలు. తర్వాతే సినిమా.

సినిమా హాలుకు సంగీతంతో పనేంటని కొందరు అడుగుతారు. మన వైపు పాత హాళ్ళు చాలావరకు స్టేజీ నాటకానికి అలవాటుపడిన జనం కోసం కట్టినవి. కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఊరూరా తిరిగి పద్యాల నాటకాలు ఆడి జనానికి టికెట్టు కొని చూసే అలవాటు చేసింది. మూకీ సినిమా రోజుల్లో తెర పక్కన హార్మోనియం, తబలా పెట్టుకుని వాయించేవాళ్ళు, కథ చెప్పడానికి ఒక మనిషి నిలబడేవాడు, అంటే సినిమా కూడా సగం కచేరీయే. తెలుగులో మాట్లాడే సినిమా 1932లో వచ్చింది. వచ్చాక కూడా నటులు, గాయకులు నాటకాల నుంచే వెళ్ళారు. మన ఊరి పేరునే ఇంటిపేరులా మోసుకుతిరిగిన చిత్తూరు నాగయ్యగారు స్టేజీ మీద పాడి పాడి 1938లో సినిమాకు వెళ్ళినవారు. అందుకని హాలు కట్టిన యజమాని తెర ముందు స్టేజీ ఉంచుకునేవాడు. సినిమా దొరకని వారం నాటకానికో, హరికథకో, పాటకచేరీకో అద్దెకిస్తే ఖాళీ పోదు కదా.

సరే, పని ఎట్లా మొదలుపెట్టాలి? ముందు బిల్డింగు దగ్గరికి వెళ్ళండి, కూల్చకముందే. అనుమతి అడిగి వెళ్ళండి, వాచ్‌మన్‌కు టీ తాగించి కూర్చోండి, తొందరపడొద్దు. ఫోన్లో ఫొటోలు తీసేటప్పుడు ఒక టేపు కొలత కోసం ఫ్రేములో పెట్టండి. తెర గోడకు ముందు స్టేజీ ఎంత లోతుందో కొలవండి. మామూలుగా మాట్లాడే సినిమాకు స్పీకర్లు తెర వెనకాలే పెడతారు, అందుకే సినిమా తెరకు సన్నటి చిల్లులుంటాయి. స్పీకర్లకు పోగా ఇంకా మనుషులు కూర్చుని వాయించేంత చోటుంటే, పక్కన మేకప్ గది, వెనక నుంచి స్టేజీ మీదికి వేరే మెట్లు ఉంటే, ఆ హాలు రెండు పనులకూ కట్టిందని అర్థం. మా హాల్లో స్టేజీ పక్క గోడకు ఇనుప కొక్కేలు వరసగా ఏడు ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక నాటకం మేకప్ ఆయన చూసి చెప్పారు, అవి తెరల తాళ్ళు కట్టేవి నాయనా, అడవి తెర, దర్బారు తెర, వీధి తెర అని. సినిమాకు ఏడు కొక్కేలు అవసరం లేదు.

వెనక పైకి ఎక్కి ఆపరేటర్ క్యాబిన్ చూడండి. గోడకు చిన్న చిన్న చతురస్రం కిటికీలుంటాయి, ప్రొజెక్టర్ మిషన్ నుంచి వెలుతురు పోయేవి కొన్ని, ఆపరేటర్ కన్ను పెట్టి చూసేవి కొన్ని. రెండు మిషన్ల హాలా, ఒక మిషన్ హాలా అనేది అక్కడే తెలిసిపోతుంది. రెండు వేల అడుగుల రీలు ఇరవై, ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతుంది. రెండు మిషన్లుంటే ఒకటి అయిపోతుండగా రెండోది అందుకుంటుంది, జనానికి తేడా తెలీదు. ఒక్కటే ఉంటే రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగాల్సిందే. పైకప్పుకు పొగగొట్టం లాంటి రంధ్రం కనిపిస్తే అది మిషన్లో వెలుతురు కోసం కార్బన్ కడ్డీలు మండించిన రోజుల గుర్తు. తర్వాత జినాన్ బల్బులు వచ్చాయి, 2005 తర్వాత శాటిలైట్ ద్వారా సినిమా దించుకునే పద్ధతి వచ్చి రీలుకు పని లేకుండా పోయింది. హాలు మూతపడ్డది రీలు కాలంలోనా, డిజిటల్ కాలంలోనా అనేది క్యాబిన్ నేల మీద బోల్టుల గుర్తులే చెబుతాయి.

ఇక మనుషులు. యజమాని కుటుంబం దగ్గరికి ముందు వెళ్ళొద్దు. వాళ్ళకు హాలంటే లాభనష్టాలు, కేసులు, అన్నదమ్ముల గొడవలు. ముందు ఆపరేటర్‌ను వెతకండి, గేటు దగ్గర టికెట్టు చింపినాయన్ని, సైకిల్ స్టాండు నడిపినవాళ్ళను, ఇంటర్వెల్లో మురుకులు, సోడాలు, ఉడికించిన చెనిక్కాయలు అమ్మినవాళ్ళను, రిక్షాకు మైకు కట్టుకుని వీధులు తిరిగినాయన్ని, గోడలకు పోస్టర్లు అంటించినాయన్ని. ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడినప్పుడు రీళ్ళు సైకిల్ మీద అటూ ఇటూ మోసిన కుర్రాడు ఒకడుంటాడు, ఇప్పుడు తాత అయ్యుంటాడు, ఆయన దొరికితే వదలొద్దు, రెండు హాళ్ళ సంగతీ ఒకేసారి తెలుస్తుంది.

సంగీతం సంగతికి మాత్రం అందరికంటే ముందు పట్టుకోవాల్సింది మైక్ సెట్ వాళ్ళను. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పాత సౌండ్ సర్వీసు ఒకాయన తన అటక మీద నుంచి ఒక పొడుగాటి లెక్కల పుస్తకం దించారు, ఎర్ర కాలికో అట్ట, మూలలు చెదలు తిన్నాయి. ప్రతి వరసలో తేదీ, చోటు, ఎన్ని మైకులు, ఎన్ని హారన్లు, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత. మా హాలు పేరు ఎదురుగా ఒకచోట "4 మైకులు, పాటకచేరీ, రాత్రి 10 నుంచి" అని ఉంది, దాని కింద పెన్సిల్‌తో "వాన, జనం తక్కువ, బాకీ ఇవ్వలేదు" అని ఉంది. ఆ కచేరీ గురించి లోకంలో ఇంకెక్కడా ఒక్క అక్షరం లేదు. ఆ పుస్తకంలో మా హాలు పదిహేడు సార్లు వచ్చింది. వాటిలో పదకొండు శుక్రవారానికి ముందు బుధ, గురువారాల్లో, అంటే పాత సినిమా తీసేసి కొత్తది వేసే మధ్య ఖాళీలో. ఆపరేటర్‌ను అడిగితే అదే చెప్పారు, రోజుకు నాలుగు ఆటలు వేయడం మొదలుపెట్టినాక ఇంక కచేరీకి ఖాళీ యాడుంది అని. హాల్లో సంగీతం ఎందుకు ఆగిపోయిందనే ప్రశ్నకు నాకు దొరికిన జవాబుల్లో అన్నిటికంటే గట్టిది అదే. తిరుపతి వాళ్ళకు ఇంకో కారణం కూడా ఉంటుంది. అక్కడ కచేరీ అంటే ఇప్పుడు మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం గుర్తొస్తాయి, అంత మంచి వేదికలుండగా సినిమా హాలును ఎవరు అడుగుతారు?

అడిగే పద్ధతి గురించి ఒక మాట. ఏ సంవత్సరం అని అడగొద్దు. అడిగితే పెద్దవాళ్ళు మొహమాటానికి ఏదో ఒక సంఖ్య చెప్పేస్తారు, మీరు రాసుకుంటారు, అది తప్పవుతుంది. గుర్తులు పెట్టి అడగండి. మీ పెళ్ళికి ముందా తర్వాతా? పెద్దోడు పుట్టినాడా అప్పటికి? ఎమర్జెన్సీకి ముందా? ఎన్టీఆర్ తిరుపతిలో నిలబడి గెలిచిన ఏడా, అంటే 1983? ఇందిరమ్మ చనిపోయిన ఏడు 1984, దానికి ముందా వెనకా? దగ్గరి కాలానికైతే చిరంజీవి తిరుపతిలో పార్టీ పెట్టింది 2008లో, అప్పటికి హాలు తెరిచే ఉందా? ఇట్లా అడిగితే రెండు మూడేళ్ళ తేడాలోకి వచ్చేస్తారు. మొదటి రోజు రికార్డు చేయొద్దు, ఊరికే మాట్లాడండి. రెండోసారి వెళ్ళినప్పుడు అడిగి, సరే అంటేనే ఫోన్ బయట పెట్టండి. ఆడవాళ్ళను విడిగా అడగండి, వాళ్ళ గుర్తులు వేరే ఉంటాయి. మా అవ్వ ఒక్క సినిమా పేరు చెప్పలేదు గానీ, ఆడవాళ్ళ వైపు గేటు ఏ సందులోకి ఉండేదో, ఆట మొదలవబోతోందని ఘంటసాల గొంతులో వెంకన్న పాట మైకులో వినపడగానే పొయ్యి మీద ఎసరు దించేసి ఎట్లా పరిగెత్తేవాళ్ళో చెప్పింది. ఆ సందులో గేటు ఉండేదని ఏ ప్లానులోనూ లేదు. వెళ్ళి చూస్తే గోడకు ఇటుకలతో పూడ్చిన తలుపు కనిపించింది.

మన సరిహద్దు ఊళ్ళకు ఇంకో సంగతి ఉంది. చిత్తూరు, నగరి, పుత్తూరు హాళ్ళలో తమిళ సినిమాలూ బాగా ఆడేవి, కచేరీలకు అటు నుంచి వచ్చి పాడినవాళ్ళూ ఉన్నారు. తెలుగువాళ్ళనే అడిగి ఆపేస్తే సగం పోతుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు చిత్తూరు, తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, 1953 అక్టోబరు 1 దాకా మనం మదరాసు రాష్ట్రంలోనే ఉన్నాం, తిరుత్తణి 1960లో మళ్ళీ మదరాసు వైపు వెళ్ళింది. అందుకని పాత సర్కారు కాగితాలు కొన్ని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాల్సి వస్తుంది.

దొరికిన ప్రతి చిన్న కాగితాన్నీ తేదీ కోసం చదవడం నేర్చుకోండి. నాకు సైకిల్ స్టాండు నడిపిన వాళ్ళింట్లో దేవుడి పటం వెనక ఒక టికెట్టు ముక్క దొరికింది. గాలిపటం కాగితమంత పల్చన, వెలిసిన గులాబీ రంగు, ఒక అంచు గేటు దగ్గర చింపింది, మీద "నేల" అని, కింద 0-4-0 అని అచ్చు. నలభై పైసలు అనుకుని అట్లాగే రాసుకున్నాను. తప్పు. అది రూపాయలు, అణాలు, పైసలు అనే పాత లెక్క, నాలుగణాలు. దశాంశ పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, కాబట్టి ఆ అచ్చు అంతకుముందుది, అంటే హాలు 1957కు ముందే ఉంది. యజమాని కుటుంబం 1962లో కట్టామని చెప్పింది, వాళ్ళు కొన్నది అప్పుడేమో. "నయా పైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. లెటర్‌హెడ్ మీద ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. "ఆంధ్ర రాష్ట్రం" అని ఉండి ప్రదేశ్ లేకపోతే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా ఉన్న మూడేళ్ళది. ఏ కాగితానికైనా ముందు ఈ నాలుగు చూడండి, ఆ తర్వాతే మిగతాది.

పేపర్లు చూడటం ఓపికతో చేసే పని, కానీ ఫలితం బాగుంటుంది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ పాత సంచికలు స్కాన్ చేసినవి ఆన్‌లైన్లో దొరుకుతాయి. సినిమా వార్తలు వద్దు, ప్రకటనలు చూడండి. విడుదల రోజు ప్రకటనలోనూ, యాభై రోజులు, వంద రోజుల ప్రకటనలోనూ ఊరి పేరు పక్కనే హాలు పేరు వేస్తారు. చిన్న అక్షరాలు, భూతద్దం కావాలి. మన జిల్లా సినిమా వ్యాపారంలో సీడెడ్, అంటే రాయలసీమ ఏరియా, కింద వస్తుంది, కాబట్టి కడప, కర్నూలు, అనంతపురం పేర్లున్న గుంపులో వెతకండి. హాలు చేతులు మారినప్పుడు పేరు మారుతుంది, అదే స్థలానికి మూడు పేర్లు ఉండొచ్చు, అందుకని వెతికేముందు ముసలివాళ్ళను అడిగి పాత పేర్లన్నీ రాసిపెట్టుకోండి. 1966లో మొదలైన విజయచిత్ర లాంటి పత్రికలు పాత పుస్తకాల షాపుల్లో దొరికితే పాఠకుల ఉత్తరాలు కూడా చదవండి. పాటల పుస్తకాల వెనక అట్ట మీద హాలు రబ్బరు స్టాంపు కనిపిస్తే ఫొటో తీసుకోండి. తిరుపతి వాళ్ళు యూనివర్సిటీ లైబ్రరీలో, చిత్తూరు వాళ్ళు జిల్లా గ్రంథాలయంలో అడగండి. అడగ్గానే లేదంటారు, రెండోసారి వెళితే చూద్దాం అంటారు.

ఆఫీసుల సంగతి. సినిమా హాలుకు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద లైసెన్సు కావాలి, బీ ఫారం అంటారు, ఫైలు కలెక్టరేట్లో ఉంటుంది. ఫైల్లో బిల్డింగు గట్టిగా ఉందని ఇంజనీర్ల సర్టిఫికెట్, కరెంటు తనిఖీ కాగితం, సీట్ల సంఖ్య, ఒక్కోసారి బ్లూప్రింటు కూడా ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అన్ని కాగితాలూ ఇవ్వండి అని రాయొద్దు, ఏ హాలు, ఏ వీధి, ఏ ఏళ్ళ మధ్య లైసెన్సు, ఎవరి పేరు మీద, సీట్లెన్ని అని ఒక్కొక్కటీ విడిగా రాయండి. నాకు మొదటిసారి ఫైలు దొరకలేదని ఒక్క వాక్యం వచ్చింది, అప్పీలు వేశాక అదే ఫైలు దొరికింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిపోయింది కాబట్టి ఆ వైపు వాళ్ళు రెండు కలెక్టరేట్లలోనూ అడగడం మంచిది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే స్థలం లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుస్తుంది, 1983 తర్వాతవి కంప్యూటర్లో, అంతకుముందువి చేతిరాత పుస్తకాల్లో వెతకాలి.

ఒక్క చోట మాత్రం చాలా గట్టిగా ఉండండి, పెద్ద పేర్ల దగ్గర. నేను మాట్లాడిన వాళ్ళలో సగం మంది నాగయ్యగారు ఈ స్టేజీ మీదే పాడారు అన్నారు. మీ ఊళ్ళోనూ అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, హాలు మీద ప్రేమ అట్లా మాట్లాడిస్తుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఒకరికొకరు తెలియని ఇద్దరు చెప్పాలి, లేదా ఒకరు చెప్పినదానికి ఒక కాగితం తోడుండాలి. అప్పుడే జరిగింది అని రాస్తాను. లేకపోతే ఫలానావాళ్ళు ఇట్లా చెబుతారు అని రాస్తాను. నాగయ్యగారి సంగతి నేను రెండో పద్ధతిలోనే రాశాను, చాలామంది బాధపడ్డారు. కానీ ఆ మైకు పుస్తకంలో దొరికిన ఇద్దరు లోకల్ గాయకుల పేర్లు, ఒకాయన బడిపంతులు, ఇంకొకాయన టైలరు, ముందు పేజీలో పెట్టాను. ఆ హాల్లో తొమ్మిది సార్లు పాడింది వాళ్ళే.

కాగితాలు మీ దగ్గర ఉంచుకోకండి. వాళ్ళింట్లోనే స్కాన్ చేసి అక్కడే తిరిగి ఇచ్చేయండి, 600 డీపీఐ చాలు. టేపు అంటించొద్దు, లామినేషన్ అసలు వద్దు, రసాయనం కాగితాన్ని తినేస్తుంది. పాత రీళ్ళు దొరికితే మూత తీసి వాసన చూడండి, వెనిగర్ లాగా పుల్లగా ఉంటే పాడవుతున్న రీలు. అంచు మీద నైట్రేట్ అని ఉంటే ఇంట్లో పెట్టుకోవద్దు, మండే స్వభావం ఉన్న ఫిల్ము అది, పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి అడగండి.

రాశాక అచ్చుకు ఇవ్వకముందు, చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళి పైకి చదివి వినిపించండి. ఇచ్చి చదవమంటే కళ్ళజోడు లేదంటారు, బాగుందిలే నాయనా అని తిరిగి ఇచ్చేస్తారు. మా ఆపరేటర్ అన్న మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. క్యాబిన్ గురించి రాసిన చోట ఆపమని చెయ్యెత్తారు. "రెండో మిషన్ కుడివైపు కాదబ్బా, ఎడమవైపు. కుడివైపు కిటికీ కచేరీ రోజుల్లో స్టేజీ మీదికి లైటు కొట్టేదానికి, దాంట్లో రంగు గాజులు పెట్టేది నేనే" అన్నారు. ఆ మూడో కిటికీ ఎందుకుందో నాకు అప్పటిదాకా తెలీదు.